వంకాయపూవు రంగు

ఎర్రిస్వామి సారు దీన్ని మూడోసారి తెచ్చినాడు
స్కూటర్ మీద కాళ్ళ మధ్య ఇరికించుకొని,
మొండికేసిన పొట్టేలును సంతకు తోలుకొచ్చినట్టు.
"పగలంతా బుద్ధిగానే ఉంటాది మాబున్నీ.
రాత్రి కరెంటు పోయి వచ్చిందంటే చాలు,
మూడు నూర్ల కాడ నిలబడాల్సిన ముల్లు
మూడు నూర్ల యాభై దాటి
కల్లు తాగినోని మాదిరి తూగుతాది.
నేను షార్ట్‌వేవ్ వినేదెట్ల?"

ఇరవై కిలోల ఇనుము, గాజు.
గుంతకల్లులో రైల్వే పాతసామాన్ల వేలంలో
తూకానికి కొన్నాడంట.
ముందర పలక మీద అక్షరాలు అరిగిపోయి
వోల్టులనే మాట కంటే
ఎవరివో వేలిముద్రలే బాగా కనపడతాయి.

నా బల్ల మీద మాత్రం ఇది ఎప్పుడూ తప్పు చెయ్యదు.
వేరియాక్‌ను గోరంత గోరంత జరిపితే
రెక్టిఫయర్‌లో తీగ నిదానంగా ఎర్రబడి
ముల్లు లేచి, మూడు నూర్ల కాడ కూర్చుంటుంది.
లోడు పెంచినా తగ్గించినా వెంట్రుకవాసి కదలదు.

మొదటిసారి పెద్ద ట్యూబు మార్చినాను.
రెండోసారి సాకెట్లు గీకి, పాట్ కడిగి
నూట యాభై తీసుకున్నాను.
రెండూ చీకట్లో రాళ్ళేయడమే.

కుళ్ళాయప్ప మామ పని నేర్పిన మొదటి రోజే చెప్పినాడు:
"ఒక చెయ్యి లోపల, ఇంకో చెయ్యి నడుం వెనకాల.
రెండు చేతుల మధ్యన గుండె ఉంటాది,
దాన్ని కరెంటు దారిలో పెట్టొద్దు."
ఇంకో మాట కూడా:
"రోగం వచ్చే టయానికే నాడి పట్టాల."
మొదటిది చేతులకు గుర్తుంది. రెండోది మర్చిపోయినాను.

ఈసారి రాత్రికి షట్టరు దించలేదు.
మూతకు నాలుగు స్క్రూలూ బిగించి ఊరికే కూర్చున్నాను.
ఎనిమిదిన్నరకు పోయింది.
పైన జీన్సు కుట్టే షెడ్డులో
ముప్పై మిషన్లు ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
రాయదుర్గం కొండ మీంచి వేడి ఇంకా దిగతానే ఉంది.
మెట్ల మీద ఎవరో పిల్ల నవ్వింది.
ముక్కాలు గంట.

వచ్చింది.
మిషన్లు మళ్ళీ. ముల్లు
మూడు నూర్ల యాభై నాలుగు, తూగుతా.
మూత విప్పి టార్చి కొట్టినాను,
టక్కున దిగింది మూడు నూర్లకు.
నేనేమీ ముట్టుకోలేదు.
చూసినాను, అంతే.

లోపల మూలన ఒక గాజుబుడ్డి.
మిగతా ట్యూబులన్నిటికీ కొలబద్ద అదే.
దాంట్లో తీగ కాలదు, వాయువు రాజుకోవాలి,
వంకాయపూవు రంగులో.
వెలుతురు తగిలితే నూట పదహారుకే రాజుకుంటుంది.
చీకట్లో ఇంకో పదిహేను అడుగుతుంది.
అందుతున్నది నూట ఇరవై నాలుగు.

ఇన్నాళ్ళూ నా కిటికీ ఎండ
ఆ తక్కువను పూడుస్తా వచ్చింది.
నేనేమో, బాగు చేసినానని బిల్లు రాసినాను.

సెలీనియం పలకలు,
జొన్నరొట్టెలు పేర్చినట్టు వరసగా.
ముసలివై, దాటించాల్సిన దాంట్లో
సగం దారిలోనే మింగుతున్నాయి.
వాటిని పీకేయబుద్ధి కాలేదు.
వైర్లు మాత్రం విప్పి, వెనకాల
నాలుగు రూపాయల డయోడు పెట్టి,
అది మరీ దూకకుండా
ముక్కుతాడుగా ఒక రెసిస్టరు.

స్క్రూడ్రైవరుతో లోపలి పాట్‌ను తిప్పినాను.
రెండు నూర్ల తొంభై ఆరు. మూడు నూర్ల మూడు.
దగ్గు వస్తే కూడా ఆపుకొని, మళ్ళీ.
మూతకు ఈగ దూరేంత రంధ్రం పొడిచి
మూసి, దుప్పటి కప్పి, లైటార్పి స్విచ్చేసినాను.
దుప్పటి అంచులో కన్ను పెడితే
చీకట్లోనే పూసింది.

"రంధ్రమెందుకమ్మా?" అన్నాడు సారు.
నూట యాభై ఆయన జేబులో కుక్కి
ఏదో చెప్పినాను. దానికి ఇప్పుడు వెలుతురుతో పనిలేదు.

ముల్లు ఇంకా ఒక గీత తక్కువే చూపిస్తోంది.
మీటరుదేనేమో తప్పు.
ఈ రాత్రికి వదిలేసినాను.